మొదటి వరుసకు కొత్త తెర

“చేతులు కడుక్కున్నావా? సబ్బుతోనా, ఉత్త నీళ్లతోనా? సరే, ఆ తువ్వాలుతో తుడుచుకోకు, నూగంతా వేళ్లకి అంటుకుంటుంది. గాలికి ఆరనీ. ఆరాక ఆ స్టూలు మీద కూర్చో. మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, కానీ మొహం కిటికీ వైపు తిప్పి మాట్లాడు. ఇక అన్నిటికంటే ముఖ్యం…”

“ఊదకూడదు,” అన్నాను.

“హమ్మయ్య. ఒక్కడికైనా గుర్తుంది.”

ఆ మాట మీదే ఆమెకు ఈ వీధిలో ఊదొద్దక్క అని పేరు పడింది. కెమెరా తెరిచి లోపల దుమ్ము కనిపిస్తే ఎవరైనా ముందు చేసే పని నోటితో ఉఫ్ అని ఊదడం. దుమ్ము పోతుందో లేదో గానీ నోటి తుంపర మాత్రం లోపలే ఉండిపోయి, ఎండి, మచ్చ కడుతుంది. నలభై ఏళ్లుగా గడప తొక్కిన ప్రతివాడికీ ఆమె ముందు చెప్పే మాట ‘ఊదొద్దు’. ఉత్తరాలు తెచ్చే ఆయన సైతం రసీదు మీది దుమ్ము ఊదబోయి, ఆమె మొహం చూసి చేత్తో దులుపుకుంటాడు.

ఆమె గది టైలరు దుకాణం పైన ఉంది. ఇంట్లో సరదాకి ఫిల్ములు కడుక్కునే నేను, ఆమె పని చూద్దామని వెళ్లింది గురువారం ఉదయం. అప్పటికే నేల తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపేసి, తలకు స్నానాల గది ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని కూర్చుంది. వయసు అరవై. ఆ టోపీతో చూస్తే ఆపరేషనుకు సిద్ధమైన డాక్టరులాగా, కళ్లజోడు మీద బిగించిన భూతద్దంతో చూస్తే ఏదో పెద్ద పురుగులాగా ఉంది. ఆ రెండో పోలిక నాది కాదు, ఆమే చెప్పుకుని నవ్వింది. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డకు నాలుగు అంచులూ పైకి మడిచి కుట్టి ఉన్నాయి. స్క్రూ జారినా గుడ్డ దాటి పోదు. కింది టైలరు కుట్టిచ్చాడు. గుడ్డ మధ్యలో ఆమె అన్నయ్య కెమెరా ఉంది.

దాని సంగతి కొంత నాకు ముందే తెలుసు. అన్నయ్య ఫోటో స్టూడియో నడిపిన మనిషి. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్లు, స్టూడియో మూసి చాలా కాలమైంది, ఈ ఒక్క కెమెరా మాత్రం అట్టిపెట్టుకున్నాడు. ఈ ఆదివారం దానితో ఒక గ్రూపు ఫోటో తీయాలి. తీయించుకునేది పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన ఆడవాళ్లు. వైర్లు చేత్తో పట్టుకుని ఈ ఇంటికీ ఆ ఇంటికీ మాటలు కలిపిన ఆపరేటర్లు. ముప్పై తొమ్మిదేళ్ల కిందట, చేతి బోర్డులు తీసేసి మిషన్లు పెట్టే ముందురోజు వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఫోటో తీసింది ఆయనే. అప్పుడు ముప్పై ఒక్కమంది. ఇప్పుడు రాగలిగినవాళ్లు పంతొమ్మిది మంది. మళ్లీ ఆయనే తీయాలి, ఆ కెమెరాతోనే తీయాలి అని పట్టుబట్టారు.

“ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఏం చేశాడు?” అంది ఊదొద్దక్క, కెమెరా పైమూత స్క్రూలు విప్పుతూ. “లోపల నలక కనబడిందట. నలభై ఏళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను, ఊదొద్దు అన్నయ్యా, ఊదొద్దు అని. ఊదలేదు మహానుభావుడు. కళ్లజోడు తుడిచే మందు వేసి రుద్దాడు.”

రుద్దింది తెరను. లెన్సులోంచి వచ్చిన వెలుగు లోపల వాలుగా ఉన్న అద్దానికి తగిలి పైకి తిరిగి, ఒక పల్చటి తెర మీద బొమ్మ కడుతుంది. కెమెరాకు కన్ను ఆనించినప్పుడు మనం చూసేది ఆ బొమ్మను. చూడటానికి గాజులా ఉంటుంది గానీ మెత్తటి ప్లాస్టిక్. దాని అడుగుముఖం మీద కంటికి ఆనని గరుకు ఉంటుంది, బొమ్మ నిలిచేది ఆ గరుకు మీదే. ఆయన రుద్దుడికి అది నడిమధ్యన నున్నగా అయిపోయింది. ఇప్పుడు అందులోంచి చూస్తే పొగమంచులో బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది.

“ఈ మోడల్ తెర ఎక్కడా దొరకదు. నాలుగు చోట్లకి ఫోన్లు చేశా. ఆఖరికి ఇదిగో, ఇంకో రకం కెమెరా, చచ్చిపోయింది, దాని తెర దీనికి పెడుతున్నా. కాస్త వెడల్పు ఎక్కువ. రెండ్రోజులు కూర్చుని అంచులు అరగదీశా. తెర ముఖానికి టేపు అంటించి, నీళ్లు చల్లిన గరుకు కాగితం మీద, పది సార్లు రుద్దడం, ఒకసారి కొలవడం. మా అన్నయ్యకి పట్టింది అర నిమిషం.”

విప్పిన స్క్రూలను ఆమె ఒక అట్టమీద జిగురు టేపుకు అంటిస్తోంది. గడియారం అంకెల్లాగా. మొదటి స్క్రూ పన్నెండు దగ్గర, రెండోది ఒంటిగంట దగ్గర. బిగించేటప్పుడు వెనక్కి నడుస్తుంది. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు. పదోతరగతి అయ్యాక అన్నయ్య స్టూడియోలో ప్రింట్లు కడిగే పనిలో చేరింది. తూకానికి కొన్న పాడైన కెమెరాలు మూల పడి ఉంటే కళ్లజోళ్ల స్క్రూడ్రైవరుతో ఒకదాన్ని విప్పింది. విప్పడం గంట, బిగించడం పదకొండు రోజులు. అప్పుడు పుట్టింది ఈ గడియారం.

“కెమెరాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లి పని నేర్పమని అడిగాను. కుట్టుమిషను నేర్చుకో అమ్మాయ్, అందులోనూ స్క్రూలుంటాయి అన్నాడు. సలహా మంచిదే. కింది టైలరు మిషను మొరాయిస్తే ఇప్పుడు నేనే చూస్తున్నా.”

కింద మిషను చప్పుడు ఆగింది. “నా గురించేనా అక్కా?” అని మెట్ల కిందినుంచి వినిపించింది.

“నీ మిషను గురించి. నీ గురించి చెప్పడానికి ఏముంది?”

చప్పుడు మళ్లీ మొదలైంది.

పైమూత వచ్చింది. దాని కింద మూలలు చెక్కిన గాజుదిమ్మను రెండు వేళ్లతో అంచులు పట్టి ఎత్తి, దూది పరిచిన టీ కప్పులో పెట్టింది. పాడైన తెరను ట్వీజరుతో తీసి పక్కన పడుకోబెట్టింది. తెర కింద, నాలుగు అంచులకూ ఆనుకుని, ఫోటో ఫ్రేములా మధ్యలో ఖాళీగా ఉన్న ఇత్తడి రేకు కనిపించింది. మందం తలవెంట్రుకంత.

“చూశావా దీన్ని? ఈ రేకు తెరను ఎంత ఎత్తులో కూర్చోబెట్టాలో చెబుతుంది. లెన్సు నుంచి తెరకి ఎంత దూరమో, లెన్సు నుంచి ఫిల్ముకీ అంతే దూరం ఉండాలి. వెంట్రుక తేడా వచ్చిందా, కంటికి ఒకటి కనిపిస్తుంది, ఫిల్ము మీద ఇంకొకటి పడుతుంది. ఆ కెమెరా అబద్ధం చెబుతుంది. పాపం, దానికి తెలియకుండానే చెబుతుంది.”

తర్వాత సొరుగులోంచి ఒక చిన్న డబ్బా తీసి, మూత తెరిచి నా ముందు పెట్టింది. అందులో దూది మీద అలాంటిదే ఇంకో రేకు ఉంది.

“నాకు ఇరవై ఒకటి. అన్నయ్య కెమెరా తెర మార్చాను. నా చేత్తో మార్చిన మొట్టమొదటి తెర. రేకు ఒకటి వెయ్యాలి. పెట్టెలో రేకులు నూనె తడికి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒకటే అనుకుని పెట్టాను. రెండు. మర్నాడు సాయంత్రం అన్నయ్య ఆ కెమెరాతో ఎక్స్ఛేంజీకి వెళ్లాడు.”

హాల్లో వెలుతురు తక్కువ. లెన్సు కన్ను పూర్తిగా తెరిచి పెట్టాల్సి వచ్చింది. అలా తెరిస్తే ఫోకస్ కుదిరిన ఒక్క వరుసే స్పష్టంగా వస్తుంది. మూడు వరుసలు. ముందు వరుసలో కుర్చీల మీద తొమ్మిదిమంది సీనియర్లు, నడుమ సూపర్‌వైజరమ్మ. అన్నయ్య ఆవిడ కళ్లజోడు అంచు మీద ఫోకస్ చేసి నొక్కాడు. ప్రింటు కడిగితే బెంచీలెక్కి నిలబడ్డ వెనక వరుస పిల్లలు జడల్లో పాయలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చారు. ముందు వరుస మొత్తం నీళ్లలో కనిపించే మొహాల్లాగా ఉంది. అప్పటికి బోర్డులు ఊడదీశారు, సగంమంది బదిలీల మీద బస్సులెక్కేశారు. మళ్లీ తీయడానికి లేదు.

“వెనక వరుస వాళ్లు సంబరపడి తలా రెండు కాపీలు అడిగారు,” అంది నవ్వుతూ. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “ముందు వరుస వాళ్లకి అన్నయ్య ఏం చెప్పాడో తెలుసా? నా చెయ్యి వణికిందండీ అన్నాడు. ఫోటోలు తీసే మనిషి అనగూడని మాట ఏదైనా ఉంటే అదే. ఏడాదిపాటు ఒక్క పెళ్లికి పిలవలేదు. వణుకు స్టూడియో అని పేరు పెట్టారు. పిల్లలు మా ముందునుంచి వెళ్తూ చేతులు ఇలా ఇలా ఆడించేవాళ్లు.”

“ఆయనకు అప్పటికి తెలుసా, తప్పు రేకుదని?”

“నాకే తెలీదు. వారం తర్వాత అనుమానమొచ్చి విప్పాను. రెండు రేకులు. పట్టుకెళ్లి చూపించాను, ఏడుస్తూనే. చూశాడు. చెప్పేద్దాం అన్నయ్యా, నా వల్లే అని అందరికీ చెప్పేద్దాం అన్నాను. ‘నీ పేరు ఇంకా పుట్టనేలేదే. నా పేరుకి పదేళ్లు, నాలుగు మాటలు పడినా బతుకుతుంది’ అన్నాడు. అని, మర్నాడు పెయింటరుని పిలిచి స్టూడియో బోర్డు మీద తన పేరు కింద రాయించాడు. ‘కెమెరాలు మా చెల్లెలి చేత బాగుచేయబడును’ అని. వ్యాపారం లేని ఏడాదిలో పెయింటు ఖర్చు. వదిన వారంరోజులు ఆయనతో మాట్లాడలేదు.”

ఆ బోర్డు ముక్క ఈ గదిలోనే, తలుపు పైన ఉంది. నేను ఎన్నోసార్లు చూశాను. ‘బాగుచేయబడును’లో ‘గు’ కాస్త వంకర. ఎందుకు దాన్ని ఇంకా ఉంచుకుందో ఆ రోజు తెలిసింది.

ఆ ఏడాది నుంచి ఆమె చేతినుంచి పరీక్ష లేకుండా ఒక్క కెమెరా బయటకు పోలేదు. ఆ పరీక్ష కూడా ఆమె సొంతమే. వాలుగా పెట్టిన చెక్క మీద ఏడు కుట్టుసూదులు వరుసగా గుచ్చి ఉంటాయి. నడిమిదైన నాలుగో సూదికి ఎర్రదారం. తెరలోంచి చూస్తూ ఎర్రదారం మీద ఫోకస్ చేస్తుంది. ఆ తర్వాత వెనక మూత తెరిచి, ఫిల్ము కూర్చునే చోట గరుకు గాజుముక్క పెట్టి, భూతద్దంతో చూస్తుంది. అక్కడ కూడా ఎర్రదారమే పదునుగా కనిపించాలి. ముందు సూది కనిపించినా తప్పే, వెనక సూది కనిపించినా తప్పే.

కొత్త తెరను రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, గరుకు ముఖం కిందికి వచ్చేలా దించింది. ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టానని తర్వాత తెలిసింది. తెర సద్దు లేకుండా కూర్చుంది. గాజుదిమ్మ పెట్టి, తాత్కాలికంగా రెండు స్క్రూలు బిగించి, సూదుల చెక్క ముందు నిలబెట్టింది.

“మూడో సూది,” అంది భూతద్దంలోంచి తల ఎత్తకుండా. “తెర పల్లంలో కూర్చుంది. వేరే కెమెరా బిడ్డ కదా, అంచు కట్టు వేరు. ఇంకొంచెం ఎత్తాలి.”

నా చూపు డబ్బాలోని రేకు మీదికి పోయింది. ఆమె చూసింది.

“నీ మనసులో ఏముందో తెలుసు. నాకూ అదే ఆశ.”

మళ్లీ విప్పింది. డబ్బాలోంచి ఆ పాత రేకు తీసి, స్పిరిటుతో తుడిచి, ఉన్నదాని మీద పరిచి, తెర పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

“ఐదో సూది. ఎక్కువైపోయింది.” రేకును ట్వీజరుతో పైకెత్తి వెలుగులో తిప్పింది. “ఇన్నేళ్లు డబ్బాలో పస్తున్నా ఒళ్లు తగ్గలేదే నీకు. కథల్లో అయితే సరిపోయేదానివి.” దాన్ని మళ్లీ దూది మీద పడుకోబెట్టి మూత వేసింది. “దీనికి ఉద్యోగం లేదు తమ్ముడూ. పెన్షనే.”

అప్పుడే ఫోను మోగింది. అన్నయ్య. స్పీకరు పెట్టమని నాకు సైగ చేసింది, చేతులు ఖాళీ లేక.

“ఏమ్మా, ఎంతవరకొచ్చింది?”

“నువ్వు రుద్దినంత వరకొచ్చింది.”

“అది కాదే, నాకేం తొందరలేదు. సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది, అందుకని. ఎనభై ఆరేళ్లు కదా, ఆవిడకి తొందరుంటుంది.”

“ఏమంది?”

“ఏముంది, మామూలే. ఈసారైనా నా మొహం నాకు కనిపించాలి బాబూ, చెయ్యి వణక్కుండా చూసుకో అంది.”



“నువ్వేమన్నావు?” అంది ఊదొద్దక్క.

“చూసుకుంటానండీ అన్నాను. ఇంకేమంటాను? సరే, పని చూసుకో. ఎవరో పక్కన ఉన్నట్టున్నారు, ఊదనివ్వకు.”

ఫోను పెట్టేశాడు. ఆమె లేచి, చచ్చిపోయిన ఆ రెండో కెమెరాను తెచ్చి, దాని తెర కింద ఉన్న సొంత రేకును తీసింది. స్క్రూగేజిలో పెట్టి కొలిచింది. పాతదానిలో సగం మందం కూడా లేదు. మూలలు కత్తిరించి, గరుకు పోయేదాకా అంచులు నున్నగా చేసి, తెర కింద వేసింది. వెయ్యబోయే ముందు ఆ రేకును రెండు ట్వీజర్లతో రెండు వైపులా పట్టి మెల్లగా లాగి చూసింది, ఇంకోటి అంటుకుని ఉందేమోనని. ముప్పై తొమ్మిదేళ్లుగా ప్రతి రేకునూ అలాగే లాగి చూస్తుంది. లాగాక వేలితో గాలిలో ‘ఒకటి’ అని గీస్తుంది. అలా గీస్తున్నట్టు ఆమెకు తెలుసో లేదో.

సూదుల చెక్క ముందు భూతద్దంలోంచి చూసి, లేచి, “నువ్వు చూడు,” అంది.

ఎర్రదారం పోగు పోగుగా కనిపించింది. దానికి ముందున్న సూదీ వెనకున్న సూదీ ఒక్కలాగే మసకేశాయి.

“నాలుగోది,” అన్నాను.

“నాలుగోది,” అంది ఆమె, తను ముందే చూడనట్టు.

అంతటితో వదల్లేదు. సూదులు దగ్గరి దూరానికే సాక్ష్యం చెబుతాయి, ఆడవాళ్లు కూర్చునేది పదహారడుగుల దూరంలో. మధ్యాహ్నం టైలరు దగ్గర బట్టలు తొడిగే బొమ్మలు మూడు అరువడిగింది. పెరట్లో పదహారడుగులు టేపుతో కొలిచి మొదటి బొమ్మ, దాని వెనక రెండోది, స్టూలెక్కించి మూడోది. మూడింటి ఛాతీకీ వార్తాపత్రిక శీర్షికలు పిన్నులతో గుచ్చింది.

“తలకాయలు లేవు అక్కా వాటికి, నవ్వమంటే ఎలా నవ్వుతాయి?” అన్నాడు టైలరు.

“నీకుంది కదా, వాటి బదులు నువ్వు నవ్వు. కదలకుండా.”

ఫిల్ము వేసి, లెన్సు కన్ను పూర్తిగా తెరిచి, మొదటి బొమ్మ మీద ఫోకస్ చేసి పన్నెండు ఫోటోలు తీసింది. స్టాండు వెయ్యలేదు. అన్నయ్యలాగే చేత్తో పట్టుకుంది. అరవై ఏళ్ల ఆ చేతులు గోడకు దిగ్గొట్టిన మేకుల్లా ఉన్నాయి. ఆ ఫిల్ము కడిగే పని నాకిచ్చింది. పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్న పని కాబట్టి ఆ రాత్రి మందు వేడిని మూడుసార్లు కొలుచుకున్నాను. ఇంకొకరి ముప్పై తొమ్మిదేళ్లు ఫిల్ము కడిగే డబ్బాలో పోసి ఊపుతున్నట్టు అనిపించింది.

శుక్రవారం ఆరిన ఫిల్మును చేతి రుమాలులో కూడా చుట్టకుండా, కొత్త కవరులో పెట్టుకుని వెళ్లాను. ఆమె కిటికీ అద్దానికి ఆనించి భూతద్దం పెట్టింది. మొదటి ఫోటో, రెండోది, మూడోది. తొందరపడలేదు. పన్నెండూ అయ్యాక మొదటి బొమ్మ ఛాతీ మీది శీర్షికను పైకి చదవడం మొదలుపెట్టింది. కూరగాయల మార్కెట్టు కొత్త చోటికి తరలింపు గురించిన వార్త. జీవితంలో ఇంతకంటే గొప్ప వార్త చదవనట్టు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. వెనక బొమ్మ మీది శీర్షిక మసకగా ఉంది, చదవడానికి రాలేదు.

“వెనక వరుసకి ఈసారి కాపీలు అమ్ముడుపోవు,” అంది.

“అన్నయ్య లెన్సు కన్ను కాస్త చిన్నది చేస్తే వాళ్లూ వస్తారు కదా అక్కా.”

“చేస్తాడు. పగలు, బయట తీస్తాడు. అందరూ వస్తారు. కానీ ముందు వరుస మాత్రం ఆయన కంటికి కనిపించినట్టే ఫిల్ము మీదా పడుతుంది. నేను చెబుతున్నా.”

‘నేను చెబుతున్నా’ అన్న మాట దగ్గర ఆమె గొంతు మెట్ల కిందికి కూడా వినిపించి ఉంటుంది. టోపీ తీసేసింది. నెరిసిన జుట్టు నొక్కుకుపోయి ఉంది. కెమెరా పైమూత పెట్టి, గడియారం వెనక్కి నడుస్తూ పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఒక్కో స్క్రూ బిగించింది. అట్ట మీద ఒక్కటీ మిగల్లేదు. మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, పెట్టెను నా చేతిలో పెట్టింది.

“నువ్వే పట్టుకెళ్లివ్వు. అన్నయ్య ఇల్లు నీ దారిలోనే కదా.”

“మీరే ఇస్తే బాగుంటుంది కదక్కా.”

“నేనిస్తే నా మొహం చూసి నవ్వేస్తాడు. నవ్వి మాట మారుస్తాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా మారుస్తూనే ఉన్నాడు.” తలుపు దాకా వచ్చింది. పైన బోర్డు ముక్క మీద వంకర అక్షరం కేసి చూసి, మళ్లీ నా కేసి చూసింది. “ఆదివారం నేనూ వెళ్తాను. ఫోటో తీయకముందే, సూపర్‌వైజరమ్మ ముందు, అందరూ వింటుండగా, ఆ చెయ్యి ఎప్పుడూ వణకలేదు, రేకు నాది అని చెప్తాను. నన్ను ఆపొద్దని ఇవాళే చెప్పిరా. ఈ ఫోటోలో తేడా వస్తే నా పేరు చెప్పమను. బాగా వస్తే కూడా నా పేరే చెప్పమను. ఇంకో మాట. పెట్టె తెరిచి, నలక కనబడిందని, ఏదో ఒకటి చేసేస్తాడు. నువ్వు ఆ ఇంట్లో కళ్లజోడు మందు ఎక్కడుందో వెతికి, వదినకిచ్చి ఆదివారం దాకా దాచమను.”